పీటరు లాలరు చరిత్రము: బంగారు గనుల విన్నపములు

సంఘములు చేయు కార్యములలో విన్నపము ముఖ్యమైనది. పాఠశాల కావలెనన్నను, విద్యార్థి వసతిగృహము కావలెనన్నను, శాసనమునందొక మార్పు కావలెనన్నను, పదుగురు కూడి తీర్మానము వ్రాసి, చేవ్రాళ్లు చేసి, ప్రభుత్వమువారికి బంపుట మన వార్షిక సభల యాచారము. పంపిన పిమ్మట నేమగునో మనము తఱచుగా విచారింపము. పాలకులు దాని నెట్లు చదువుదురు? ఏ మాటకు గోపింతురు? ఎప్పుడు లొంగుదురు? విన్నపము ఫలించిన పిదప దానికై పోరాడినవారి బుద్ధి యెట్లుండును? ఈ ప్రశ్నలన్నిటికిని సమాధానమిచ్చు చరిత్ర మొకటి ఆస్ట్రేలియా ఖండమునందలి బంగారు గనులలో జరిగినది. అందు నాయకుడై నిలిచిన పీటరు లాలరు జీవితమును సంఘసభ్యులకును, పోషక మహాశయులకును సంగ్రహముగా విన్నవింప బూనితిమి. పరదేశీయుని కథ మనకేల యని కొందఱు తలంపవచ్చును. గుణమునకును దోషమునకును దేశభేదము లేదు గనుక వ్రాయుచున్నాము.

లాలరు 1827వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీని ఐర్లాండు దేశమున, నాడు క్వీన్సు కౌంటీ యనబడి నేడు లీషు అని పిలువబడు మండలములో, టెనకిల్ అనుచోట జన్మించెను. అతని తండ్రి పాట్రిక్ లాలరు భూవసతి గల రైతు. కాథలిక్కులైన కర్షకులు తమది కాని మతసంస్థకు పంటలో దశమభాగపు పన్ను చెల్లించు నాచారమును అతడెదిరించి ప్రజాదరణము బడసి, 1832 మొదలు 1835 వఱకు లండను పార్లమెంటులో సభ్యుడుగ నుండెను. అన్నలలో నొకడైన జేమ్సు ఫింటన్ లాలరు ఐర్లాండు నేల ఆ దేశ ప్రజలకే చెందవలెనని తీవ్రముగా వాదించి, 1849లో నకాలమరణము నొందెను. 1845 మొదలుకొని ఆ దేశమున బంగాళాదుంప పైరునకు తెగులు సోకి మహాక్షామము కలిగెను. సుమారు పదిలక్షలమంది ప్రాణములు గోల్పోయిరి. అంతకు తక్కువకాని జనము ఓడలెక్కి పరదేశములకు బోయెను. తండ్రి విన్నపములను, అన్న వాదములను, ఊరివారి యాకలిని చూచుచు బెరిగిన పీటరు, కార్లో కళాశాలలో జదివి, డబ్లినులో ఇంజనీరు విద్య నభ్యసించి, 1852లో సోదరుడు రిచర్డుతో గూడ మెల్బోర్ను నగరము జేరెను.

1852వ సంవత్సరము మన గౌతమీతీరవాసులకు మఱపురానిది. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై గోదావరి జలము కాలువలలో బాఱుటకు మొదలిడిన యేడది. ఇచ్చట నీటిచే నేల విలువ పెరుగుచుండగా, అచ్చట నేలలో దొరకిన బంగారముచే దేశమే మాఱిపోవుచుండెను. విక్టోరియా సీమ 1851 జూలైలో న్యూ సౌత్ వేల్సు నుండి విడివడి ప్రత్యేక పరగణా యయ్యెను. అదే కాలమున బంగారము బయలుపడెను. అప్పుడు సుమారు 77,000 జనులు మాత్రమే యున్న ఆ సీమలో 1861 నాటికి 5,40,000 కంటె కొంచెము తక్కువమంది యుండిరి. లాలరు మొదట మెల్బోర్ను జీలాంగు రైలుమార్గమునందు పనిచేసి, 1853లో ఓవెన్సు గనులకును, 1854లో బల్లరాటునందలి యురేకా అను బంగారు పొరకును వచ్చి, అందఱివలెనే నూయి త్రవ్వుటకు గడంగెను.

ఇక విన్నపములకు మూలమైన బాధ యెట్టిదో చెప్పవలెను. బంగారము దొరకినను దొరకకున్నను, త్రవ్వు ప్రతివాడును నెలకు ముప్పది షిల్లింగులు, అనగా ఒకటిన్నర పౌను, ముందుగా చెల్లించి లైసెన్సు చీటి కొనవలెనని 1851 సెప్టెంబరు మొదలు నియమ మేర్పడెను. బల్లరాటులో బంగారము లోతున నుండుటచే నూయి త్రవ్వి అడుగు జేరుటకు నెలలు పట్టెడిది. ఆ నెలలన్నిటికిని పన్ను కట్టవలసినదే. అడుగున బంగారము లేకున్న కట్టినది తిరిగి రాదు. పోలీసులు గుంపులుగా వచ్చి చీటి చూపుమందురు. తడిబట్టలతో నూతిలో నున్నవాడు పైకెక్కి రావలెను. చీటి గుడారములో మఱచివచ్చినను జుల్మానా తప్పదు. జుల్మానాలో సగభాగము పట్టుకొన్నవానికే చెందుచుండుటచే పట్టువారి యుత్సాహమునకు మితి లేకపోయెను. చెఱసాల చాలనిచోట్ల పట్టుబడినవారిని దుంగలకు గొలుసులతో గట్టిరట. ఇంత పన్ను కట్టువారికి శాసనసభలో వోటు లేదు. సాగుచేసికొనుటకు భూమి కొనవలెనన్నను దొరకుట దుర్లభము.

ప్రభుత్వము పక్షమున జెప్పవలసినదియు గలదు. బంగారపు వార్త పుట్టగానే పోలీసులు, గుమాస్తాలు కొలువులు మాని గనులకు బరుగెత్తిరి. ఉన్నవారికి జీతములు పెంచవలసెను. లక్షలకొలది వచ్చు జనమునకు దారులు, కచ్చేరీలు కావలసెను. ధనము కావలసినది నిజమే. కాని శాసనసభలో గొప్పమందలు గల భూస్వాములదే పైచేయి. కూలివాండ్రు గనులకు బోకుండ నుండుటకు లైసెన్సు పన్ను వారికి ననుకూలముగ నుండెను. దొరకిన బంగారముపై నెగుమతి సుంకము విధించినచో దొరకినవాడే చెల్లించును గదా యను న్యాయమైన యాలోచన 1853 నాటికే వెలువడినను, సభ దాని నంగీకరింపలేదు. సరియైన మందు వైద్యుని పెట్టెలోనే యుండగా రోగిని మఱి రెండేండ్లు బాధపెట్టుట యన నిదియే.

విన్నపములు లేకపోలేదు. 1851 డిసెంబరులో పన్నును మూడు పౌనులకు రెట్టింపు జేయుదుమని ప్రకటింపగా, ఫారెస్టు క్రీకు వద్ద వేలకొలది జనులు సభ జేసిరి. ప్రభుత్వము వెంటనే ప్రకటనను వెనుకకు దీసికొనెను. 1853లో బెండిగో గనులవారు అయిదువేలకు పైగా చేవ్రాళ్లతో నొక దీర్ఘమైన యర్జీ సిద్ధపఱచిరి. దాని పొడవు పదుమూడు మీటరులు, నేటికిని భద్రపఱుపబడియున్నది. నెలకు పది షిల్లింగులకు పన్ను తగ్గింపుమని వారు కోరిరి. నాటి ఉపగవర్నరు చార్లెసు లా ట్రోబు తొలుత దానిని నిరాకరించెను. జనులు టోపీలకు ఎఱ్ఱని నాడాలు కట్టుకొని నిరసన దెలిపిరి. ఆ యేటి చివర శాసనము మార్చి నెలకు ఒక పౌను, మూడు నెలలకు రెండు, సంవత్సరమునకు ఎనిమిది పౌనులుగ నిర్ణయించిరి. అనగా అడిగినదానిలో గొంత యిచ్చిరి గాని, పన్ను మార్గమును, వేటను, వోటు లేమిని తాకనైన లేదు.

1854 జూనులో సర్ చార్లెసు హోథము గవర్నరుగ వచ్చెను. నావికాదళమున నాజ్ఞలిచ్చుట కలవడినవాడు. మొదట గనులకు వచ్చినప్పుడు జనులు జయజయధ్వానములు చేసిరి. అతడు మాత్రము ఖజానాలోని లోటును జూచి, సెప్టెంబరులో వారమునకు రెండుమార్లు లైసెన్సు వేట సాగింపుడని యుత్తరువిచ్చెను. అక్టోబరులో జేమ్సు స్కోబీ యను గనికార్మికుడు యురేకా హోటలు వద్ద హతుడయ్యెను. హోటలు యజమాని బెంట్లీని విచారించిన మేజిస్ట్రేటు అతని మిత్రుడగుటచే నిందితులు విడుదలయైరి. అక్టోబరు 17వ తేదీని న్యాయము కోరి గుమికూడిన జనము ఆగ్రహావేశమున హోటలును దగ్ధము చేసెను. ఈ సందర్భముననే లాలరు మొదటిసారి యొక ప్రజాసంఘమున సభ్యుడయ్యెను. ప్రభుత్వము బెంట్లీని మరల విచారించి శిక్షించెను, మేజిస్ట్రేటును తొలగించెను. కాని హోటలు తగులబెట్టిరని ముగ్గురిని చెఱసాలకు బంపెను.

నవంబరు 11వ తేదీని బేకరీ హిల్ అను గుట్టపై సుమారు పదివేలమంది చేరి బల్లరాటు సంస్కరణ సంఘమును స్థాపించిరి. వెల్షు జాతీయుడును శాంతవాదియునగు హంఫ్రే దానికి ప్రముఖుడు. లైసెన్సు రద్దు, ప్రతి పురుషునకు వోటు, శాసనసభ్యునికి ఆస్తి యర్హత తొలగింపు, సభ్యులకు జీతము, సభల కాలపరిమితి తగ్గింపు, సంపూర్ణ ప్రాతినిధ్యము వారి కోరికలు. నవంబరు 16వ తేదీని హోథము గనుల పరిస్థితిని విచారించుట కొక కమీషను నియమించెను. అదే నెల 27వ తేదీని సంఘ ప్రతినిధులు మువ్వురు గవర్నరును దర్శించి, చెఱలోనున్న ముగ్గురిని విడువవలెనని యధికారపూర్వకముగా గోరిరి. ఆ పదము గవర్నరునకు ములుకువలె నాటెను. విన్నపమైనచో వినవచ్చును గాని అధికారముతో గోరుట సహింపరాదని యతడు కాదనెను.

మేము పల్లెటూరి బడిపంతులుగా నున్న కాలమున రైతుల యర్జీలు అనేకములు వ్రాసి పెట్టితిమి. నీరు రాలేదనియో, శిస్తు తప్పుగ వేసిరనియో చెప్పవచ్చు రైతు నోట మొదట వచ్చునది హక్కు మాటయే. దానిని మేము మహారాజశ్రీలతోను, సవినయములతోను గప్పి కాగితముపై బెట్టుచుంటిమి. ఆ కప్పులో మర్యాద కొంత, భయము కొంత యుండెడిది. అధికారి కోపించినది అర్జీలోని బాధను జూచి కాదు, మాటను జూచి యను సంగతి మాకు బాగుగ దెలియును. అందుచే బల్లరాటు ప్రతినిధుల కథ చదివినప్పుడు మాకు వింత తోపలేదు. పదమునకు గోపించి బాధను మఱచు పాలకుడు రాబోవు నష్టమును తానే కొని తెచ్చుకొనును.

నవంబరు 29వ తేదీని మరల బేకరీ హిల్ పై సభ జరిగెను. నీలపు వస్త్రముపై తెల్లని సిలువయు నక్షత్రములును గల దక్షిణ స్వస్తిక పతాకము నెత్తిరి. లైసెన్సు చీటులను గొందఱు మంటలో వేసిరి. మఱునాడే, శాంతింపజేయవలసిన తరుణమున, కమీషనరు రీడు మఱియొక వేట నడపెను. నాటి సాయంకాలము జనము గుమిగూడెను గాని పేరు గల నాయకులెవ్వరును ముందునకు రాలేదు. అంతవఱకు పెద్దగా నుపన్యసింపని యిరువది యేడేండ్ల లాలరు మొద్దుపై నెక్కి, తాను ముందు నిలుతునని చెప్పెను. జనులచే పతాకము క్రింద ప్రమాణము చేయించెను. హక్కులను, స్వేచ్ఛను గాపాడుకొందుమనుటయే యా ప్రమాణ సారము. పిదప బండ్లతోను కొయ్యలతోను యురేకా వద్ద నొక దడి కట్టిరి.

డిసెంబరు 3వ తేదీ ఆదివారము. విశ్రాంతిదినమున నేమియు జరుగదని చాలమంది గుడారములకు బోయిరి. దడిలో సుమారు నూటయిరువది మొదలు నూటయేబదిమంది మిగిలిరి. తెల్లవాఱకమున్నే కెప్టెన్ థామస్ నాయకత్వమున మూడువందలకు గొంచెము తక్కువగ సైనికులును పోలీసులును ముట్టడించిరి. పావుగంట, ఇరువది నిమిషములలో నంతయు ముగిసెను. కార్మికులలో నిరువదిమందికి పైగా మరణించిరి. సైనికులలో కెప్టెన్ వైజుతో గూడ అయిదారుగురు గతించిరి. లాలరు ఎడమచేయి గుండ్లచే నుగ్గయ్యెను. అనుచరులు అతనిని పలకల క్రింద దాచి, తరువాత ఫాదర్ స్మిత్ అను కాథలిక్ పురోహితుని యింటికి జేర్చిరి. అచ్చట వైద్యులు చేయి తీసివేసిరి. ప్రభుత్వము అతని తలపై రెండువందల పౌనుల బహుమానము ప్రకటించినను ఎవ్వరును పట్టియీయలేదు. రహస్యముగా జీలాంగు జేరిన యతనికి, పెండ్లికి నిశ్చితయైన ఎలీషియా డన్ అను ఉపాధ్యాయిని పరిచర్య చేసెను. వారికి 1855 జూలైలో వివాహమయ్యెను.

పట్టుబడినవారిలో పదుమువ్వురిపై రాజద్రోహ నేరము మోపి 1855లో మెల్బోర్నులో విచారించిరి. జూరీలు ఒక్కొక్కరినే నిర్దోషులని విడిచిపెట్టిరి. ఆ సందర్భమున వ్రాసిన వ్రాతలకై కారాగారము పాలైనవాడు బల్లరాటు పత్రికాసంపాదకుడు సీకాంపు. కమీషను మార్చిలో నివేదిక సమర్పించి, లైసెన్సు పన్నును తప్పుపట్టెను. దానికి మాఱుగ ఏటికొక పౌను చెల్లించి గనికార్మిక హక్కుపత్రము పొందు నేర్పాటును, బంగారముపై ఔన్సునకు రెండున్నర షిల్లింగుల ఎగుమతి సుంకమును, గనులవారే యెన్నుకొను స్థానిక న్యాయస్థానములును శాసనరూపము దాల్చెను. హక్కుపత్రము గలవానికి వోటు లభించెను. శాసనసభలో గనులకు ఎనిమిది స్థానము లేర్పడెను. 1855 నవంబరులో, పదునొకండు నెలల క్రిందట వెదకబడిన లాలరు బల్లరాటునుండి పోటీలేక సభ్యుడయ్యెను, హంఫ్రేయు నెన్నికయ్యెను. 1856లో రహస్య వోటు పద్ధతియు, 1857లో శాసనసభకు పురుషులందఱికిని వోటును ఆ సీమయందు వచ్చెను.

ఇంతటితో కథ ముగిసినచో లాలరును స్తుతించి లేచిపోవచ్చును. కాని చరిత్రకారుడు సగము చెప్పి సగము దాచరాదు. 1856లో ఎన్నికల శాసనము చర్చకు వచ్చినప్పుడు, ఆస్తిగలవాడు ఒకటికంటె నెక్కువచోట్ల వోటు వేయవచ్చునను నియమమును లాలరు బలపఱచెను. గుట్టపై అందఱికి సమానమైన వోటు కోరిన సభలో ప్రమాణము చేయించిన చేయియే, కుర్చీలో గూర్చుండి ఆస్తికి అదనపు బలము నీయుట కెత్తబడెను. బల్లరాటు ప్రజలు మిక్కిలి కోపించిరి. అతడు 1859లో సౌత్ గ్రాంట్ అను వేఱొక స్థానము వెదకికొనెను.

1873లో మఱియొకటి జరిగెను. క్లూన్సు గ్రామమునందలి లోథేర్ గనిలో పనివాండ్రు శనివారపు పనివేళల విషయమై పనిమానిరి. ఆ కంపెనీ డైరెక్టరులలో లాలరొకడు. పనివాండ్ర స్థానమున చీనావారిని తెచ్చుటకు కంపెనీ యత్నించెను. డిసెంబరు 9వ తేదీని స్త్రీలతో గూడ ఊరివారందఱు దారికడ్డుపడి, రాళ్లు రువ్వి బండ్లను వెనుకకు మఱలించిరి. దడి కట్టినవాడు ఈసారి దడికి ఆవలి ప్రక్క నుండెను. రాళ్లు తిన్న చీనావారిని గూర్చియు నొక మాట. బల్లరాటు రక్తముతో వచ్చిన సంస్కరణలనాడే, 1855లో, ఓడ దిగు ప్రతి చీనావానిపై పదిపౌనుల తలపన్ను విధింపబడెను. ఒకరి లైసెన్సు పోయిన యేడే మఱియొకరి మెడకు పన్ను చుట్టుకొనినది. దీనికి వ్యతిరేకముగ నెన్ని మనవులు చేసినను విను చెవి యప్పుడు లేదు. ఆ గనుల నేలకు మూలవాసులైన వాడవరుంగులను ఎవ్వరు నడుగనైన లేదు.

లాలరు సామర్థ్యమును గాదనుట కవకాశము లేదు. 1875లోను, 1877 మొదలు 1880 వఱకును మంత్రివర్గమునందు సుంకముల శాఖ నిర్వహించెను. 1880 మొదలు 1887 వఱకు శాసనసభాధ్యక్షుడుగ నుండి నిష్పక్షపాతియని పేరొందెను. ఒంటిచేతితో ఆ యాసనమున గూర్చున్న యతనిని జూచి పూర్వపు కథ యెఱిగినవారు ఆశ్చర్యపడియుందురు. అనారోగ్యముచే పదవి వదలినప్పుడు సభవారు 4,000 పౌనులు బహూకరించిరి. అదే యేట భార్య గతించెను. 1889 ఫిబ్రవరి 9వ తేదీని అతడు రిచ్మండులో దేహము చాలించెను. 1893లో బల్లరాటులో శిలావిగ్రహము దిక్కుగ లోహవిగ్రహము నిలిపిరి. దానికి తొడిగినది సభాధ్యక్షుని వస్త్రములే గాని గనికార్మికుని చొక్కాయి గాదు.

మన ప్రాంతమునను దీనికి పోలిక గలదు. గోదావరి మన్యములో, 1879లో, కల్లుపై క్రొత్త నిబంధనలును, మనసబుదారు వసూలు చేయు చిగురుపన్నును సహింపలేక రంప పితూరీ చెలరేగెను. సైన్యములు కొండలెక్కెను, ఎందఱో నశించిరి. అంతయు నైన పిమ్మట ప్రభుత్వము మనసబుదారును తొలగించి ముఠాదారులతో నేరుగ నొడంబడిక చేసికొనెను. ముందుగనే చేయదగిన పనిని ప్రాణనష్టమైన తరువాత జేయుట పాలకులకు దేశభేదము లేని యలవాటు. మన తెలుగువారును పనిచేసిన కోలారు బంగారు గనులు 1880వ దశకమునుండి లోతుగ త్రవ్వబడి 2001లో మూతపడినవి. అచ్చటి కుటుంబముల విన్నపములు గని మూతతో ముగియలేదు.

రక్తమువలననే సంస్కరణ వచ్చినదని కొందఱందురు. మేమట్లు తలంపము. కమీషను దడి కట్టకమునుపే యేర్పడినది. బెండిగో చేవ్రాళ్లు, బేకరీ హిల్ తీర్మానములు లేకున్న అది యేమి వ్రాయవలెనో దానికే తెలియదు. కాని విన్నపములను నాన్చిన ఆ రెండేండ్ల ఖరీదు ముప్పదిమంది ప్రాణములకు దగ్గఱ. ఈ లెక్క పాలకులు గుర్తుంచుకొనవలసినది.

మనము గుర్తుంచుకొనవలసిన లెక్క వేఱు. సంఘమనగా చిన్న రాజ్యము. అర్జీలు వ్రాసి పైకి వచ్చిన కుటుంబములు నేడు మనలో గలవు; ఫీజు కట్టలేక చదువు మానిన పిల్లలును మనలోనే గలరు. సభ్యత్వపు రుసుము చెల్లింపలేనివాడు తీర్మానముపై చేయెత్తరాదను నియమము ఏ సంఘమునందైనను ఉన్నచో, అది 1856లో లాలరు బలపఱచిన నియమమునకు చెల్లెలే. చందా పెద్దదైనంత మాత్రమున మాట పెద్దది కాగూడదు. పోషక మహాశయులు మా చనువును మన్నించి, ఈ వార్షిక సభయందే యీ విషయమును జర్చకు దేవలెనని ప్రార్థించుచున్నాము. మనము ప్రభుత్వమునకు వ్రాయు విన్నపముల కెట్టి యుత్తరము గోరుదుమో, మన ద్వారమున నిలిచి మనలను విన్నవించువారికి అట్టి యుత్తరమే యిత్తము గాక.

స్వస్తి.